వేలాపురి హద్దురాయి

కార్తిక బహుళపక్షమున నొక సాయంసమయము. పశ్చిమగిరిశిఖరములపై రక్తచందనచ్ఛాయలు చల్లి సూర్యుడు క్రుంకబోవుచుండగా తూర్పుదిక్కున కాటుకకొండలవలె పేరుకొనిన మేఘమాలికలు వేలాపురీ రేవుపట్టణముపై నల్లని గొడుగు పట్టియుండెను. గాలి లేదు. నిత్యఘోషుడగు సముద్రుడు చెవియొగ్గి యెవరిమాటయో వినుచున్నవానివలె నిశ్శబ్దుడై యుండగా గట్టుననున్న కుక్కలు తోకలు ముడిచి యూరివైపు నడచుచుండెను.

తుపాను రానున్నదని తంతివార్త వచ్చియుండెను. పట్టణతీరము కోతకును ముంపునకును ఎంతవరకు లోనగునో నిర్ణయించుటకై వచ్చిన సర్వేయరు విశ్వపతి ఆ యుదయముననే తన తీర్పు చెప్పెను. తీరముననున్న హద్దురాయినుండి నీటియంచువరకు కొలతగొలుసు పరచి కొలువగా తాతలనాటి పటములలో నెంత దూరమున్నదో నేడును అంతయే యున్నది. కావున సముద్రము జరుగలేదనియు రాతివెనుకనున్న కొత్త సత్రము నిరపాయమనియు నాతడు పలికెను. ఆ మాట నమ్మి రేవుపేట జనులెల్లరు చంటిబిడ్డలతోడను వృద్ధులతోడను ఆ సత్రమున జేరియుండిరి.

అయినను మనసు నిలువక విశ్వపతి సాయంకాలము మరల హద్దురాతియొద్దకు వచ్చెను. పోటు రావలసిన వేళ నీరు వెనుకకు దీయుచుండెను. తడియిసుకలోనుండి మొదట నొక బావియొర తలయెత్తెను. పిమ్మట రాతిగడపలు వరుసగా బయటపడెను. ఇండ్లు లేవు. గోడలు లేవు. ఎవరినో లోనికి రమ్మనుచున్నట్లు గడపలు మాత్రమే యుండెను. ఆ మునిగిన వీధికి అవతలికొసను నడుమ గుంటగల యొక దిమ్మ కానవచ్చెను. రాయి నాటుటకు సర్వేవారు కట్టించు దిమ్మ యది.

ఆతడు వెనుదిరిగి చూడగా రేవుపేట ముదుసలియగు మసేనమ్మ హద్దురాతికి పసుపు పూయుచుండెను.

“ఏటి బాబూ, పొద్దున గంగమ్మకి సంకెళ్ళేసినావు. ఇప్పుడు ఇడిపించడానికొచ్చినావా?”

“అవ్వా, ఆ నీళ్ళలో దిమ్మ ఏమిటి?”

“ఈ అమ్మోరి పాత గద్దె. గంగమ్మ ఒడ్డుని మింగి మీదకొచ్చినప్పుడల్లా అమ్మోరిని మేళాలతో ఎనక్కి తెచ్చుకుంటాం. మా అత్త తెచ్చింది, నాను తెచ్చినాను. అప్పసెల్లెళ్ళు కదా, ఎడం తగ్గితే దెబ్బలాడుకుంటారు. అందుకే వలతాడుతో కొలిసి మునుపెంతో అంతెడమే ఉంచుతాం. తిరిసూలం సూడు, ఎంత సల్లగుందో!”

విశ్వపతి రాతిపై పసుపు తుడిచి చూచెను. అది త్రిశూలము కాదు. పూర్వపు సర్వేయరులు చెక్కిన బాణపుగుర్తు. సముద్రము నడచినంత దూరమును రాయి నడచినది. నాలుగు తరముల కొలతలును రాతిని నమ్మి మోసపోయినవి. సత్రము కడలినోటనే యున్నది!

ఆతడు పరుగున బోయి సత్రద్వారమున నిలిచి ఊరివెనుక కొండపైకి రండని కేకవేసెను.

“పొద్దునో మాట, మాపటికో మాటా?” అని యొక జాలరి యెకసక్కెమాడెను.

“పొద్దున తప్పు కొలిచాను. తిట్టండి, కానీ కొండెక్కుతూ తిట్టండి!”

జనులు కదలరైరి. అంతట మసేనమ్మ “అబద్దమాడేవోడి మొకం ఇంత సిన్నబోదురా. లెగండి!” అని చంటిబిడ్డ నొకనిని చంకకెత్తుకొని ముందునడచెను. ఒక్కొక్కరుగా నెల్లరును వెంబడించిరి.

“అవ్వా, ఈసారి రాయిని ముట్టవద్దు” అనెను విశ్వపతి. ఆమె యొకమారు వెనుకకు రాతివైపు జూచెను.

తెల్లవారునప్పటికి గాలివాన వెలిసెను. కొండపై జనులెల్లరు క్షేమముగా నుండిరి. క్రింద సత్రమున్నచోట గోధుమవన్నె నీరు మెల్లగా సుళ్ళు తిరుగుచుండెను. దిగివచ్చిన విశ్వపతి కొండపాదమున నిలువునా స్తంభించెను. అచట హద్దురాయి నిలిచియుండెను. పసుపింకను తడియారలేదు. దానిని మోసితిమని యొప్పుకొనినవారు లేరు. మోయుట చూచినవారును లేరు.

ఆతడు నీటియంచువరకు గొలుసు పరచెను. ఎడము యథాపూర్వము.

తాను పాతిన రాయి స్థిరమని మనుజుడు నమ్మును గాని కడలి యేనాడును అట్లని మాట యిచ్చియుండలేదు. విశ్వపతి గొలుసు చుట్టుకొని తలయెత్తునప్పటికి మసేనమ్మ రాతిచెంత నిలిచి కొండపైకి జూచుచు మరియొక చోటు వెదకుచుండెను.