పాత కోబాల్ ఆఖరు తారీఖు

దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లలో పొద్దున్నే ముందు చెయ్యాల్సిన పని వంట కాదు, తుడవడం. రాత్రంతా వాలిన దుమ్మును సుభాషిణి బిందెల మీద, స్టవ్వు మీద, అత్తగారి మంచం కోళ్ళ మీద తడిగుడ్డతో తుడుస్తుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి దుమ్మంతా మళ్ళీ సిద్ధం. పెళ్ళయిన దగ్గర్నుంచీ తుడుస్తూనే ఉంది. ఇక చాలమ్మా అని దుమ్మూ అనలేదు, ఇంట్లోవాళ్ళూ అనలేదు.

ఆ ఫ్యాక్టరీలోనే ఒక చల్లని గది ఉంది. దుమ్ము రాకూడదని చెప్పులు బయటే విడిపిస్తారు. అందులో కంప్యూటరు. వర్కర్ల జీతాలు లెక్కకట్టే ప్రోగ్రాము మొత్తం, కోబాల్ అనే భాషలో, సుభాషిణి రాసిందే. ఆ గదిలో ఉన్నంతసేపూ ఆమెను ఎవరూ ‘ఏమే’ అని పిలవరు. నిజం చెప్పాలంటే ఆమెకు ఇల్లంటే అదే.

నిన్న హైదరాబాదు నుంచి కంప్యూటరు కంపెనీ ఇంజనీరు వచ్చి చావుకబురు చల్లగా చెప్పాడు. “ఈ పాత కోబాల్‌కి ఎనభై తొమ్మిది మార్చి ఆఖరు దాకానే మా సపోర్టు. తర్వాత తప్పొచ్చి ఫోన్ చేసినా ఎవరూ పలకరు. ఈలోగా కొత్త వెర్షన్‌లోకి మారిపోవాలి.” అందుకు హైదరాబాదులో మూడు వారాల ట్రైనింగు, ఒక్కరికే చోటు. నేర్చుకున్నవాళ్ళకే ఆ గది, మిగిలినవాళ్ళు టైపు సెక్షనుకు పోవాల్సిందే. ఆఫీసరు గోపాలకృష్ణయ్య ఆమెవైపు జాలిగా చూశాడు. “నీకు ఇల్లుంది కదమ్మా, నీతో పనిచేసే బాజీ పేరు రాస్తాను. ఒకవేళ కుదిరితే రేపు పొద్దున్నే చెప్పు.” బాజీకి మాత్రం ఇల్లు లేదా? ఉంది. ఆ ఇంట్లో భార్య కూడా ఉంది.

సాయంత్రం భర్త యల్లమందకు చెబితే చేతిలో పేపరు దించలేదు. “మూడు వారాలా? అన్నం ఎవరు వండుతారే? అమ్మకి చూపు ఆనదు. వచ్చిన భాష చాల్లే.”

అప్పటినుంచీ సుభాషిణి మనసు హైదరాబాదులోనే ఉంది. హాస్టల్ గది, ఒక మంచం, ఒక కుర్చీ, తనది ఒక్కటే కంచం. అది కడుక్కుంటే చాలు, ఇంకెవరి కంచమూ ఉండదు. కిటికీ దగ్గర కూర్చుని కొత్త పుస్తకం చదువుకోవాలి, మధ్యలో ఎవరూ మంచినీళ్ళు అడగకూడదు. ఎంత చిన్న కోరిక! ఇంకో సంగతి చెప్పుకోవడానికి ఆమెకే సిగ్గు, ఆ పాత కోబాల్ మీద అసూయ పుట్టింది. ఇన్నేళ్ళు పనిచేశావు, ఫలానా రోజుతో నీ పని ఆఖరు అని దానికి ముందే చెప్పారు మరి.

ఇవాళ మంచం కోళ్ళు తుడుస్తూ ఆ కబురంతా అత్తగారు హనుమాయమ్మకు చెప్పింది. చేత్తో తడుముకుంటూ చింతపండు గింజలు తీస్తున్న ముసలావిడ ఆగింది.

“ఏందీ, మిషను భాషకి కూడా ఆఖరు తారీఖు ముందే చెబుతారా?”

“ఏడాది ముందే చెబుతారు అత్తయ్యా.”

“నాకెవరూ చెప్పలా. కళ్ళు పోయినాక పొయ్యే నన్ను వదిలేసింది.” అని మళ్ళీ గింజల్లో పడింది.

సుభాషిణి గుడ్డ కింద పెట్టింది. ఇంజనీరు చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. పాతదాన్ని ఒక్కరోజులో ఆపరు. నెలరోజులు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి, రెండూ కట్టిన జీతాల లెక్కలు సరిపోయాకే పాతదాన్ని ఆపుతారు. ట్రైనింగు వచ్చే నెల ఒకటిన మొదలు.

పెరట్లో పళ్ళు తోముకుంటున్న భర్తను కేకేసి, కత్తిపీట దగ్గర పీట వాల్చింది.

“ఇయ్యాల్టి నుంచి ఈ నెలంతా నాతోపాటు మీరూ వండండి. ఒకటో తారీఖు నుంచి మీరొక్కరే. నేను హైదరాబాదు పోతున్నా.”

“నీకేమన్నా పిచ్చా? అమ్మా, చూడు దీన్ని!”

హనుమాయమ్మ తలెత్తలేదు. “కూర్చోరా. దోసకాయ పప్పులో వేసేముందు ముక్క నోట్లో వేసుకుని చూడు. చేదయితే పప్పంతా పోద్ది.”

తల్లి మాట కాబట్టి యల్లమంద కూర్చున్నాడు. ముక్క కొరికి మొహం చిట్లించాడు. “థూ! చేదు.”

“ఇన్నేళ్ళూ మీ నోటిదాకా రానీకుండా అది నేనే చూశా,” అంది సుభాషిణి చెప్పులేసుకుంటూ. “పారేసి ఇంకోటి కొయ్యండి. ఈలోగా ఆఫీసరు గారింటికెళ్ళి నా పేరు రాయించి వస్తా.”