పొడుగ్గా ఉంచిన వరస

తెల్లవారుతూనే ఆకాశం సున్నపు తేటలా పాలిపోయింది. మబ్బు తునకైనా లేదు. ఎనభై ఎనిమిది మే నెల. నందిగామ బస్సు చిల్లకల్లు దగ్గర దించేసరికే సాంబయ్య చొక్కా వీపుకు అంటుకుపోయింది. అంత ఉక్కలోనూ ఆయన చంకలో ఉన్ని స్వెట్టరుంది. దాన్ని చూసి నవ్వే కండక్టర్లు ఎప్పుడో నవ్వడం మానేశారు.

సిమెంటు ఫ్యాక్టరీ కంప్యూటరు గదికి గుడికిమల్లే చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. యంత్రం కోసం పెట్టిన చలికి లోపల మనుషులు వణకాలి. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న రత్నమణి అప్పటికే పమిట చుట్టుకుని కూర్చుంది. శనివారం, ఈ ఒంటిపూటతో సాంబయ్య సర్వీసు అయిపోతుంది. ఇవాళ జీతాల లెక్క ఆమె ఒక్కతే నడపాలి. లేకపోతే హైదరాబాదు నుంచి మనిషిని తెప్పిస్తానని ఆఫీసరు జగన్నాథరావు తేల్చి చెప్పాడు.

కుర్రతనంలో సాంబయ్య నందిగామ తంతి ఆఫీసు అరుగు మీద జనానికి టెలిగ్రాములు రాసిపెట్టేవాడు. ఏడుస్తూ వచ్చినవాడి గోడు మొత్తం విని నాలుగు మాటల్లోకి దించేవాడు. ఇక్కడా అదే చేశాడు. జీతాల ప్రోగ్రాము మార్చినప్పుడల్లా కంప్యూటరు పాతదాన్ని కూడా దాచుకుంటుంది. దాన్ని తీయాలన్నా, పెట్టాలన్నా బారెడు ఇంగ్లీషు వరస కొట్టాలి. మధ్యలో ఒక్క ఖాళీ తప్పితే కదలదు. ఆయన ఒక్కో వరసనూ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే ఒక్కో తెలుగు మాటకు ముడేశాడు. 'తీయి' అని కొడితే తీస్తుంది. 'పెట్టు' అంటే పెడుతుంది. 'వెనక్కి' అంటే మునుపటిది తెచ్చిస్తుంది. దాచినవన్నీ తుడిచేసే వరసను మాత్రం ముట్టుకోలేదు. అదీ కుదించమని రత్నమణి ఎన్నిసార్లు అడిగినా చూద్దాంలే అనేవాడు.

రత్నమణి తీసింది, కరువు భత్యం మార్చింది, పెట్టింది. లోడింగు కూలీకి మేనేజరు జీతం అచ్చయింది.

"వాడికి చెప్పమాకు, సంబరపడతాడు," అన్నాడు సాంబయ్య.

మళ్ళీ దిద్దింది. ఈసారి అందరికీ సున్నాలే. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. వరసలన్నీ రాసి గోడకు అంటించిన కాగితం చూస్తూ ఆ తుడిచేసే వరస మొదలుపెట్టింది. సాంబయ్య చెయ్యి మోకాలి మీంచి లేచింది. లేచి, తిరిగి స్వెట్టరు చేతిలోకి ముడుచుకుంది. వరస సగమన్నా కాలేదు. రత్నమణి వేలు ఆగింది. కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటే చెరిపి, 'వెనక్కి' అని కొట్టింది. మునుపటిది వచ్చింది. అంకెల మధ్య పక్కకి జరిగిన దశాంశపు చుక్కను ఈసారి సరైన చోట పెట్టింది.

జీతాలు సరిగ్గా వచ్చాయి. జగన్నాథరావు కాగితాలు తిరగేసి, వచ్చే నెల కూడా ఆమే చూస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు.

"నేను ఆ వరస కొడుతుంటే చూశారా బాబాయిగారూ?"

"చూశా."

"మరి ఆపలేదేంటండీ?"

"సోమవారం నేనుండనుగా అమ్మాయ్. అందుకే దాన్ని పొడుగ్గా ఉంచా."

వరండాలో ఎదురెదురుగా కూర్చుని క్యారియర్లు విప్పారు. ఆమె గోంగూర ఆయనకు వేసింది, ఆయన పెరుగన్నం ఆమెకు పెట్టాడు. ఆయన చంకలో స్వెట్టరు లేదని ఆమె చూసింది. చూసిందని ఆయనకు తెలుసు. అద్దాల తలుపు వెనక, ఆమె కుర్చీ వీపుకు వేసిన గోధుమరంగు స్వెట్టరు చేతులు చల్లగాలికి మెల్లగా ఊగుతున్నాయి.