నెలకొక చుక్క

మా ఆడపడుచును ఇంట్లో అందరం టకటక అంటాం. బేకరీలో బిస్కెట్లు ప్యాక్ చేసే ఉద్యోగం. అక్కడ బల్ల మీద, ఇంట్లో నా గిన్నెల మీద, వాళ్లన్నయ్య బోర్లా పడుకుంటే ఆయన వీపు మీద కూడా వేళ్లతో దరువు వేసేది. అలాంటి మనిషికి తగిన ఆటే దొరికింది. కంప్యూటర్లో పాట వస్తుంటుంది, తెర మీద చుక్కలు పుడుతుంటాయి, దరువు తప్పకుండా వాటిని నొక్కాలి. ఆట ఉచితం. ఏ పాటకు ఏ చుక్క ఎక్కడ రావాలో అమర్చేదీ ఆడేవాళ్లే, జీతం భత్యం లేకుండా. వాళ్లలోనే ఇద్దరు పరీక్షకులు చూసి సరేనంటే ఆ అమరిక అందరి జాబితాలోకి ఎక్కుతుంది. ఎక్కేలోగా ముప్పై రోజులు దిద్దే చెయ్యి పడకపోతే శ్మశానమనే పక్క జాబితాలోకి పోతుంది. ఆ పేరు వాళ్లే ముచ్చటపడి పెట్టుకున్నారు.

టకటక ఎనిమిది నెలలు కూర్చుని ఒక పాటకు తొమ్మిది వందల పన్నెండు చుక్కలు పెట్టింది. పంపిన వారానికే వేళ్లలో బలం పోయింది. నరాల జబ్బన్నారు. ఆసుపత్రికి బయలుదేరుతూ నా చెయ్యి పట్టుకోబోయింది. పట్టు చిక్కలేదు.

"వదినా, నేనొచ్చేదాకా నా పాట శ్మశానానికి పోకుండా చూస్తావా?"

"చూస్తాలే. ముందు నువ్వు ఆసుపత్రికి పద."

ప్రతి ఇరవై తొమ్మిదో రోజూ, మధ్యాహ్నం అంట్లు తోమాక, ఒక చుక్కను వెంట్రుకవాసి జరిపి సేవ్ నొక్కేదాన్ని. ఎర్ర అక్షరాల్లో ఏదో అడిగేది. డిగ్రీ చదివినదాన్నే, అడిగినవన్నీ చదువుతూ కూర్చుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? 'సరే' నొక్కేదాన్ని. అలా నాలుగు సార్లు.

"మొక్కకు నీళ్లు పోసినట్టు చూసుకుంటున్నానండీ" అన్నాను మా ఆయనతో.

"నీ చేతిలో మొక్క బతికినట్టు గుర్తులేదే" అన్నారాయన.

నాలుగు నెలలకు టకటక ఇంటికొచ్చింది. ఇక వేళ్లు ఇంతేనని డాక్టరు తేల్చేశాడు. కుర్చీలో కూలబడగానే, "తెరువు వదినా" అంది.

పరీక్షకుల ఉత్తరాలు నాలుగున్నాయి. పైకి చదివాను. మొదటిది: "చాలా బాగుంది. ఆమోదించాను." రెండోది: "మీరు మార్చారు కాబట్టి ఆమోదం రద్దయింది. మళ్లీ చూస్తాం." మూడోది: "ఇద్దరం ఆమోదించాం. రేపు జాబితాలోకి ఎక్కుతుంది. దయచేసి ముట్టుకోకండి." ఆ రేపే నా ఇరవై తొమ్మిదో రోజు. నాలుగోది: "మాతో ఆటలాడుతున్నారు. ఇకపై మీ అమరికలు చూడం."

"ఎర్ర అక్షరాల్లో అడగలేదూ?"

"అడిగింది."

"ఏమని?"

"ఇప్పుడే తెలిసింది."

తెర మీదికి వంగింది. "ఏ చుక్కలు జరిపావు?"

"ఏది చేతికి అందితే అది... గుర్తులేదే."

పాత అమరికను ఆట దాచదు, చివరిదే మిగులుతుంది. తప్పిన చుక్కలు దొరకాలంటే ఎవరో ఆడాలి. అంత చిన్న తేడా చెవికి అందదట, వేళ్లకే తెలుస్తుందట. ఆ వేళ్లు ఆమె ఒళ్లో తడిసిన చేతితొడుగుల్లా పడున్నాయి.

నేనే కూర్చున్నాను. పదకొండు సెకన్లకు ఓడిపోయానని చెప్పింది యంత్రం.

"వదినా, ఆడుతున్నావా, పిండి పిసుకుతున్నావా?" అని టకటక పడీ పడీ నవ్వింది. కళ్లు తుడుచుకోబోతే చేతులు లేవలేదు. కొంగుతో నేను తుడిచాను. నవ్వితే వచ్చిన నీళ్లేనని ఇద్దరం అనుకున్నాం.

మళ్లీ ఇరవై తొమ్మిదో రోజు వచ్చింది.

"ఒక్క చుక్క జరపనా?"

"వద్దు. ఇప్పటికే నాలుగు పోయాయి."

"మరి పోతుందే అమ్మాయ్!"

"పోనీ వదినా."

రెండు రోజులాగి శ్మశానంలో వెతికితే కనిపించింది. పాట పేరు, టకటక పేరు, వాటి కింద ఒక వరస: చివరి మార్పు తర్వాత ఆడినవారు ఒకరు, పదకొండు సెకన్లు.

మూసెయ్యమంది. మూసేశాను.