కాటుక కళ్ళ డబ్బాలు

నేను ఒక సమ్మెటను. కొట్టడం తప్ప నాకు మరో పని చేతకాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. లారీ ఇరుసుగా కొన్నాళ్ళు తిరిగి, విరిగిపోయాక కమ్మరి కొలిమిలో కాలి, దెబ్బలు తిని ఈ రూపానికొచ్చాను. దెబ్బలు తిన్నవాడికి ముందు ఇంకొకరిని కొట్టాలనిపిస్తుంది. మనుషుల్లోనూ ఇదే చూశాను. క్వారీలో బండలు పగలగొట్టాను, ఇళ్ళు కూల్చేవాళ్ళతో తిరిగి పసుపు ఆరని గడపలు విరగ్గొట్టాను. చివరికి హైదరాబాదులో బాలనర్సు పాత ఇనుము దుకాణానికి చేరాను.

అక్కడ నాకు రోజూ పండగే. ఫ్రిజ్జుల డొక్కలు చీల్చాం, బీరువాల నడుములు విరిచాం.

తుక్కుకి వచ్చిన ఓ పాత టీవీ ఇంకా పనిచేస్తోందని, బాలనర్సు దాన్ని నాలుగేళ్ళ కూతురు నవనీత కోసం అట్టే పెట్టాడు. పొద్దున్నే అందులో పసిపిల్లల బొమ్మల కార్యక్రమం. ఓ నూనె డబ్బా కళ్ళు తిప్పుతూ, "పారేయకండి పిల్లలూ, నన్ను మళ్ళీ వాడుకోండి" అని పాడేది. ఓ మెరుపు మెరిసేది, డబ్బా కాస్తా పూలకుండీ అయ్యేది. మధ్యలో సమ్మెట లేదు, కొలిమి లేదు. పొయ్యి రాజేయకుండానే అన్నం ఉడికిపోయినట్టు! నాకు ఒళ్ళు మండిపోయేది.

నవనీత మాత్రం అంతా నమ్మింది. తన తల్లి సుగుణ పెట్టుకునే కాటుక తెచ్చి, దుకాణంలో దొరికిన ప్రతి డబ్బాకీ తనే కళ్ళు దిద్దడం మొదలుపెట్టింది.

బాలనర్సేమో వినాయకుడి బొమ్మలు చేసే ఇంట్లో పుట్టినవాడు. బొమ్మకు అన్నిటికన్నా చివర కళ్ళు దిద్దుతారు. దిద్దాక ప్రాణం వచ్చినట్టే. "కండ్లున్నదాన్ని ఎట్ల గొడ్తనే?" అని పెళ్ళాంతో మొత్తుకున్నాడు. రెండు రోజులు పని ఆగింది. ఆ తర్వాత తనే ఉపాయం కనిపెట్టాడు. తడిగుడ్డతో కళ్ళు తుడిచేస్తే ప్రాణం పోయినట్టే, ఇక కొట్టొచ్చు. మనిషి దేవుడితో కుదుర్చుకున్నంత సులువుగా ఇంకెవరితోనూ ఒప్పందం కుదుర్చుకోలేడు.

"కండ్లు తుడ్వకు నాయినా, పాపం దానికి కనవడదు!" అని పిల్ల కాళ్ళకు చుట్టుకునేది. సుగుణ వచ్చి విడిపించి తీసుకుపోయేది. ఆయన తుడిచేవాడు, నేను కొట్టేదాన్ని.

ఆ రోజు పెద్ద ఇనుప డ్రమ్ము వంతు. దాని కళ్ళు తుడిచేసి బాలనర్సు మంచినీళ్ళకని లోపలికెళ్ళాడు. గోడవైపు తిరిగి ఉన్న డ్రమ్ము నోట్లోకి, రెండు డబ్బాలు చంకన పెట్టుకుని నవనీత పాకింది. ఆ డబ్బాలనే తుడవడానికి వీల్లేని కళ్ళుగా దానికి ఇద్దామనుకుందో ఏమో! నేను చూస్తూనే ఉన్నాను. చెప్పడానికి నాకు నోరేది?

ఆయన తిరిగొచ్చి నన్ను బలంకొద్దీ ఎత్తి కొట్టాడు. డ్రమ్ము పొట్ట సొట్టపోయింది. బజారంతా దద్దరిల్లింది. వెంటనే లోపలి నుంచి కేక. "నా బిడ్డా!" అంటూ బాలనర్సు పడుతూ లేస్తూ పిల్లను బయటికి లాగాడు. తల పగల్లేదు, ఎముక విరగలేదు. కానీ రెండు చెవుల నుంచీ రక్తం కారుతోంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక నవనీత తిన్నగా టీవీ ముందు కూర్చుంది. నూనె డబ్బా ఎప్పటిలాగే పాడుతోంది. బాలనర్సుకు అది చూడగానే పిచ్చెత్తింది. "నువ్వే గద నా బిడ్డకు ఇవన్నీ నేర్పిచ్చినవ్!" అంటూ నన్ను ఎత్తి టీవీని ఒక్క దెబ్బ వేశాడు. అద్దం భళ్ళున పేలింది. వీధి కుక్కలు మొరిగాయి. సుగుణ చెవులు మూసుకుని గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది.

పిల్ల ఉలిక్కిపడలేదు. గాజు పెంకుల వంక చూసి, తండ్రి మొహం వంక చూసింది.

"మల్ల కొట్టు నాయినా," అంది. "సప్పుడు రాలే."

నేను ఆయన చేతిలోంచి జారి కింద పడ్డాను. మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇక ఎవరూ ఎత్తకపోతేనే బాగుండు.