కందకుర్తిలో సముద్రం

రెండు వేల ఇరవై నాలుగు, ఆగస్టు పద్దెనిమిది, ఆదివారం. కందకుర్తిలో గోదావరి, మంజీర కలిసే చోట, రేవు మెట్ల మీద మధ్యాహ్నం మూడు గంటలకు హాజరైన వారు: నిజామాబాదులో మోటారు వైండింగ్ దుకాణం నడిపే నర్సింలు, అతని తల్లి పెంటవ్వ, వయసు డెబ్బై రెండు, ఆటో నడిపే గులాం, నర్సింలు ఇంట్లో మేడ మీది గదిలో పుస్తకాలతో సహా అద్దెకుంటున్న నేను.

మేమక్కడికి చేరడానికి కారణం పెంటవ్వ కళ్లు. రెండింటికీ శుక్లాలు ముదిరాయి. ఇంకో నెల జాగు చేస్తే ఉన్న మసక చూపు కూడా దక్కదని చెప్పి, డాక్టరు మంగళవారం ఆపరేషనుకు ఒప్పుకున్నాడు. అంగీకార పత్రం మీద సంతకానికి పెంటవ్వ మాత్రం ససేమిరా అంది.

"ఆపరేషన్ల ఉన్నయి గూడ పోతే? సముద్రం సూడకుంటనే సీకట్ల కూసోవాల్నా? ముందుగాల సముద్రం సూపియ్యిరా, ఎనుక సంతకం."

సముద్రానికి పోయి రావడానికి మూడు రోజులు కావాలి. చేతిలో ఉన్నవి రెండు. నర్సింలు ఆలోచించాడు. వానలకు సంగమం నిండుగా ఉంది. పది అడుగుల అవతల ఉన్నది ఆవో ఆటోవో తల్లికి తెలియదు. అంతకు మించి ఆలోచించవలసిన అవసరం అతనికి కనిపించలేదు.

"మీరు గూడ రావాలె సారూ" అన్నాడు నాతో. "పుస్తకాల సారు అబద్ధమాడడని అవ్వకు నమ్మకం."

"నిజంగానే ఆడను కదా, నర్సింలూ."

"ఆడొద్దు. ఊకె పక్కన నిలవడుండ్రి."

సముద్రం దూరమన్న భావన కలగాలి గనుక గులాం ఆటోను పొద్దున్నే వ్యతిరేక దిశలో ధర్పల్లికి పోనిచ్చాడు. అక్కడ టీ తాగాం. ఆ తర్వాత వరిపొలాల మధ్య గంటసేపు తిప్పి తిప్పి, మళ్లీ అదే హోటలు ముందు ఆపాడు.

"ఏ ఊరురా గిది?" అంది పెంటవ్వ.

"విజయవాడ, అవ్వా" అన్నాడు గులాం.

"ఇజయవాడల గూడ చాయ్‌ల గింతంత అల్లం దంచి ఏస్తరా?"

"అరె, అంతట గిదే ఫ్యాషన్ నడుస్తుంది అవ్వా."

బోధన్‌లో ఒక పాత శివాలయం ముందు దిగినప్పుడు నర్సింలు దానిని రామేశ్వరమని పరిచయం చేశాడు. పెంటవ్వ రాతి స్తంభాన్ని తడిమి, కళ్లకద్దుకుని, లోపలికి పోయి చాలాసేపు దండం పెట్టుకుంది. బయటికి వస్తుండగా రోడ్డు మీద కండక్టరు "రెంజల్, రెంజల్" అని గొంతు చించుకుంటున్నాడు.

"రామేశ్వరంల రెంజల్ బస్సేందిరా?"

"ఆడోళ్లకు టికెట్ లేకుంట చేసినంక గింత దూరం గూడ వస్తున్నయవ్వా" అన్నాడు నర్సింలు.

ఆ క్రమంలోనే కందకుర్తి చేరాం. గాలి బలంగా ఉంది. ఎర్రటి నీళ్లు మెట్లకు కొట్టుకుంటున్నాయి. పెంటవ్వ చెప్పులు విడిచి, నా మోచేయి పట్టుకుని రెండు మెట్లు దిగింది.

"సారూ, గిదేనా సముద్రం?"

"నీళ్లు చాలా ఉన్నాయి, పెంటవ్వా. అవతలి ఒడ్డు బాగా దూరం" అన్నాను. రెండు వాక్యాలూ నిజాలే.

ఇంతలో కొబ్బరికాయలమ్మే రుక్మాబాయి బుట్టతో వచ్చింది. "మావ్శీ, నారళ్ ఘ్యా!" అని కొబ్బరికాయ ముందుకు చాపింది.

"సముద్రం కాడ మరాఠేందిరా?"

"బొంబాయి సముద్రం అవ్వా గిది" అన్నాడు నర్సింలు, క్షణం తడబడకుండా.

"పొద్దుగాల ఎల్లి, ఇజయవాడ సూసి, రామేశ్వరం మొక్కి, పగటీలికి బొంబాయికొచ్చినమా? ఆటోల?"

"షార్ట్‌కట్ అవ్వా" అన్నాడు గులాం.

రుక్మాబాయి బుట్ట దించి, కొంగు నోట్లో కుక్కుకుని మెట్టు మీద కూలబడింది.

ఇక మిగిలింది రుచి. నర్సింలు చెంబుతో నీళ్లు ముంచి, తల్లికి వీపు తిప్పి, జేబులోని పొట్లం అందులో ఒంపి, వేలితో కలిపి అందించాడు. పెంటవ్వ ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంది. చప్పరించింది. ఉమ్మేసింది.

"గిది సన్నుప్పురా నర్సిగా! సముద్రంల దొడ్డుప్పుంటది గాని సన్నుప్పెట్లుంటది?"

గులాం ఆకాశాన్ని పరిశీలించసాగాడు.

"గంగరా గిది, మన గోదారి. నా పెండ్లైన ఏడు గీ మెట్ల మీదనే తానం జేసిన. కండ్లకు తెల్వకుంటే కాళ్లకు తెల్వదారా?"

నర్సింలు చెంబు కింద పెట్టి తల వంచుకున్నాడు. "తప్పైంది అవ్వా. రేపు కాయితం ఇయ్యకుంటే డాక్టర్ వేరేటోళ్లను పిలుసుకుంటడు. నీ సూపు పోతదని..."

పెంటవ్వ నీళ్ల వైపు నుంచి కొడుకు వైపు తిరిగింది.

"మసకగ కనవడంగనే ధర్పల్లిని ఇజయవాడ జేస్తివి. గంగను బొంబాయి జేస్తివి. మొత్తమే కనవడకుంటే, మన బోరింగు కాడ నిలవెట్టి కాశీ అంటవు. నేను మొక్కుత. నలుగురు నవ్వుతరు." ఆమె చెయ్యి చాచింది. "తే ఆ కాయితం. సముద్రం కోసం కాదురా. నువ్వింకా ఏమేం సూపిస్తవో, నేను సూడకుంటే ఎట్ల?"

నర్సింలు చొక్కా జేబులోంచి తీసిన పత్రం రెండు పుటలు. ఆమె కోరిక మేరకు మొత్తం పైకి చదివాను. అచ్చుతప్పులు మూడు కనిపించాయి, సవరించాను. అడుగున ఒక వాక్యం చేర్చమంది: "చూపు వచ్చిన పిమ్మట నర్సింలు తన తల్లికి సముద్రం చూపించవలెను."

"అసలుదని రాయి సారూ."

'అసలు' అన్న మాటను 'సముద్రం' ముందు ఇరికించాను. నేను వేలితో చూపిన చోట పెంటవ్వ తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. చివరి అక్షరం గీత దాటి పోయింది. సాక్షులుగా నేను తెలుగులో, గులాం ఉర్దూలో సంతకాలు చేశాం. నర్సింలు కాగితం కోసం చెయ్యి చాచాడు. పెంటవ్వ ఇవ్వలేదు. "డాక్టర్‌కు నేనే ఇస్త" అంది. నాలుగు మడతలు పెట్టి, నడుముకు కట్టుకున్న బట్ట తిత్తిలో దోపి, దారం లాగి ముడి వేసుకుంది.