చెవితో కొన్న బండి

నిన్న సాయంత్రం కొన్న పికప్ బండి ఇంజన్‌లోంచి ఆయిల్ గేజి పుల్ల బయటికి లాగేసరికి, దాని కొసన నల్లటి ఆయిల్‌కి బదులు పాలెక్కువైన కాఫీ లాంటిది జిడ్డుగా వేలాడుతోంది.

అద్దాలక్క ఆ పుల్లను వెలుగులోకి తిప్పి చూసింది. ఆ వీధిలో ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. కిటికీ అద్దాలు కోసి అమ్మే దుకాణం ఆమెది. బండ్ల గురించి ఆమెకు తెలిసింది తక్కువే. కానీ నెలరోజులుగా పాత డీజిల్ బండ్ల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఒక్క సంగతి మాత్రం నేర్చుకుంది. ఆయిల్ కాఫీ రంగుకు తిరిగిందంటే అందులో నీళ్ళు కలిశాయి. నీళ్ళు కలిశాయంటే, నీళ్ళనీ ఆయిల్‌నీ కలవనీయకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయింది. గాస్కెట్ పోయిందంటే ఇంజన్ విప్పాలి. ఇంజన్ విప్పితే బండి ఎన్నాళ్ళకు కదులుతుందో చెప్పేవాడు లేడు.

బండి ఇవాళే కదలాలి. కొత్తగా కడుతున్న ఆసుపత్రికి కిటికీ అద్దాల మొదటి లోడు సాయంత్రంలోగా చేరాలి. ఇంతకుముందు అద్దె బండ్లలో పంపితే, గతుకుల్లో ఎగిరెగిరి అద్దాలుగా ఎక్కినవి పెంకులై దిగాయి. "ఇంకొక్కసారి పెంకులొచ్చినా, లోడు ఆలస్యమైనా ఆర్డరు వేరేవాళ్ళకి" అని కాంట్రాక్టరు మొహం మీదే చెప్పాడు. అందుకే సొంత బండి. అందుకే సొంత డ్రైవరు కూడా. ముప్పై ఏళ్ళు కంపెనీ లారీ తోలి, ఓనరుతో గొడవపడి మానేసిన సొంత అన్నయ్య.

"అన్నయ్యా! ఇలా రా. కొంప మునిగింది!"

దుకాణం మెట్టు మీద టీ తాగుతున్న అన్నయ్య గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. గేజి కొసను రెండు వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు. మొహం మాడిపోయింది.

"నీళ్ళు," అన్నాడు. "తెల్లవారుజామున నేనే రేడియేటర్లో నీళ్ళు పోసి, స్టార్ట్ చేసి కాసేపు ఉంచాను కదే. సౌండు వెన్నలా ఉంది."

"మరి ఈ కాఫీ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఏమో. ఆ పూలచొక్కా గాడు ఏదో మాయ చేసుంటాడు."

పూలచొక్కా అంటే బండి అమ్మినవాడు. నిన్న వాడి యార్డులో అన్నయ్య బండిని పరీక్షించిన తీరు చూసి అద్దాలక్క మురిసిపోయింది. ముందు ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, "చల్లగానే ఉంది. మనం వచ్చేలోపు వేడిచేసి దాచలేదు" అన్నాడు. స్టార్ట్ చేయించి, పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్‌కి, పిడిని చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పొగగొట్టం ముందు చెయ్యి పెట్టి, తడి తగిలిందేమో వేళ్ళు రుద్ది చూశాడు.

"మీటరెంత తిరిగిందో చూడవే," అన్నాడు.

"నాలుగు లక్షలు దాటింది అన్నయ్యా!" అంది ఆమె, కళ్ళు తేలేసి.

"కిలోమీటర్లు చూడకండి మేడమ్, దాని మనసు చూడండి," అన్నాడు పూలచొక్కా.

"తిరిగిన దూరం కాదే, తాగిన ఆయిల్ ముఖ్యం," అన్నాడు అన్నయ్య. "దీనికి వేళకి ఆయిల్ పోశారు. గొంతు చెబుతోంది."

ఓ చుట్టు తిప్పి చూద్దామంటే మాత్రం స్టీరింగ్ ముట్టుకోలేదు. "నువ్వే తోలవయ్యా. తోలేవాడికి ఇంజన్ సగమే వినిపిస్తుంది. నేను పక్కన కూర్చుని వింటా."

పూలచొక్కా దణ్ణం పెట్టాడు. "కళ్ళు మూసుకుని బండి జాతకం చెప్పేస్తున్నారు సార్!"

అందరూ నవ్వారు. నవ్వుతూనే బేరం కుదుర్చుకున్నారు. రాత్రికి బండిని పూలచొక్కాయే తెచ్చి గేటు లోపల పెట్టి వెళ్ళాడు.

ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్ళు మండింది. అద్దాలక్క ఫోన్ తీసింది.

"ఏమయ్యా, కాఫీ తాగుతావా?"

"ఎందుకు మేడమ్, మీకు శ్రమ..."

"శ్రమేం లేదు. నువ్వమ్మిన ఇంజన్ నిండా ఉంది. వచ్చి గ్లాసులో పట్టుకో!"

ఫోన్ పెట్టేసిందో లేదో మళ్ళీ మోగింది. ఆసుపత్రి దగ్గర ఫ్రేములు బిగిస్తున్న ఆమె భర్త.

"లోడు బయల్దేరిందా?"

"బయల్దేరుతోంది."

"అంటే బయల్దేరలేదనేగా?"

"ఇంకోసారి ఫోన్ చేశారంటే నేనే బయల్దేరి వస్తా, మీ అంతు చూడ్డానికి!"

ముందుగా వచ్చింది మెకానిక్. ఏ బండికి ఏ రోగం వచ్చినా "నాజిల్ పోయిందక్కా" అంటాడని వాడికి నాజిల్ అనే పేరు ఖాయమైపోయింది. ఇవాళ ఆ కాఫీ చూసి, వాడు కూడా నాజిల్ మాట ఎత్తలేదు. బానెట్‌లో తల దూర్చాడు. అదే అద్దాలక్కను ఎక్కువ భయపెట్టింది.

వెనకే పూలచొక్కా దిగాడు. నిన్న చొక్కా మీద పువ్వులు, ఇవాళ చిలకలు.

"నోట్లో బెల్లం పెట్టుకుని మాట్లాడావు కదయ్యా నిన్న! దాని మనసు చూడమన్నావు. చూశాను. కుళ్ళిపోయి ఉంది!"

"అక్కా, ఒట్టు. నాకేం తెలీదు."

"ఇందాక ఫోన్లో మేడమ్, ఇప్పుడు అక్కా?"

"కష్టకాలంలో చుట్టరికమే గుర్తొస్తుందక్కా. నన్ను నమ్ము. స్టెప్నీ టైరుకి లోపలివైపు గాటుంది, అది నిజం. సీటు కవరు కింద సీటు సగమే ఉంది, అదీ నిజం. వెనక తలుపు మీద కొత్త రంగు తుప్పు కనపడకుండా వేసిందే. కానీ ఇంజన్ జోలికి పోలేదు. ఆ బండిలో నేను చెయ్యి పెట్టనిది అదొక్కటే!"

"ఆగాగు. స్టెప్నీకి గాటా?"

"ఇద్దరూ కాసేపు నోళ్ళు మూస్తారా!" బానెట్ కింద నుంచి నాజిల్ అరిచాడు. "గాస్కెట్ పోతే రేడియేటర్లో నీళ్ళు తగ్గాలి. పైన ఆయిల్ తేలాలి. ముందు అది చూడనివ్వండి."

రేడియేటర్ మూత తిప్పాడు. కదల్లేదు. గుడ్డ చుట్టి తిప్పాడు. కదల్లేదు. పెద్ద రెంచీ బిగించి, కాలు బంపర్‌కి తన్ని లాగితే, కీచుమంటూ తుప్పు రాలుస్తూ ఊడింది. లోపల నీళ్ళు నిండుగా, తేటగా ఉన్నాయి.

"గాస్కెట్ రాయిలా ఉందక్కా," అన్నాడు. "ఈ గేజి చూడు, గీత దాటి ఎంత పైకి తడిసిందో. ఇంజన్ లోపల్నుంచి కారిన నీళ్ళు కావివి. ఆయిల్ పోసే మూత తీసి ఎవరో పైనుంచి పోశారు. రెండుసార్లు ఆయిల్ మార్చి కడిగితే సరిపోతుంది. మధ్యాహ్నానికి బండి నీ చేతిలో పెడతా."

బండి బతికింది. ఆ సంతోషం అద్దాలక్కకు గుటక మింగేంత సేపు కూడా మిగల్లేదు. ఎవరు పోశారు? ఆమె చూపు చిలకల చొక్కా మీద వాలింది. వాడు రెండు చేతులూ పైకెత్తాడు.

"అమ్మేసిన బండిని చంపుకుంటే నాకేమొస్తుందక్కా? అయినా బండి నీ గేటు లోపలుంది. తాళం నీది."

నిజమే. గేటు తాళంచెవులు రెండు. ఒకటి ఆమె దగ్గర, రెండోది అన్నయ్య దగ్గర.

నాజిల్ చేతులు తుడుచుకుంటూ, నేల చూపులు చూస్తూ అన్నాడు. "బాబాయ్ పొద్దున రేడియేటర్లో నీళ్ళు పోశానన్నాడని చెప్పావు కదక్కా. ఈ మూత మనిషి చేతితో ఊడేది కాదు. దీన్ని తీసి ఎన్నాళ్ళయిందో."

అన్నయ్య మళ్ళీ వెళ్ళి కూర్చున్న మెట్టువైపు అందరూ తిరిగారు.

"అంటే?" ఆయన లేచాడు. "ముప్పై ఏళ్ళు తోలినవాడికి నీళ్ళ మూతేదో ఆయిల్ మూతేదో తెలీదంటావురా?"

"నేనేమీ అనట్లేదు బాబాయ్. మూత అంటోంది."

పొరపాటున పోసే మనిషి కాదు అన్నయ్య. మరి కావాలనే పోశాడా? ఆ ఆలోచన రాగానే పొద్దుట్నుంచి కూడబెట్టుకున్న కోపమంతా అద్దాలక్క గొంతులోకి తన్నుకొచ్చింది.

"చెల్లెలి దగ్గర పని చెయ్యడం నామోషీ అనిపిస్తే ముందే చెప్పాలి అన్నయ్యా! నిన్ను నమ్మి బండి కొన్నాను. నువ్వు రానంటే కొనేదాన్నే కాదు. వద్దనుకున్నవాడివి నోటితో వద్దనాలి గానీ, ఇంజన్లో నీళ్ళు పోస్తావా?"

అన్నయ్య చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "ఆయిల్ మార్పించు. లోడెక్కించు. సాయంత్రంలోగా చేరుస్తాను, సరేనా?" అని విసురుగా గేటువైపు నడిచాడు.

మెట్టుకీ గేటుకీ మధ్య, చెక్క స్టాండు మీద ఆ లోడులోకెల్లా పెద్ద అద్దం నిలబెట్టి ఉంది. తలుపంత అద్దం ఉన్నట్టే కనిపించదని, ఎవరూ వెళ్ళి గుద్దుకోకూడదని, దాని మీద సున్నంతో ఈ మూల నుంచి ఆ మూలకు ఇంటూ గుర్తు కొట్టడం అద్దాల దుకాణాల్లో అలవాటు. ఆ తెల్లటి గుర్తు వీధి అవతలి టీకొట్టుకి కూడా కనిపిస్తుంది.

అన్నయ్య తిన్నగా దాని మీదికే నడుస్తున్నాడు.

పక్కకు తిరుగుతాడులే అనుకుంది. తిరగలేదు. అడుగు నెమ్మదించనైనా లేదు. అద్దాలక్క ఒక్క ఉరుకున వెళ్ళి వెనక నుంచి చొక్కా కాలర్ పట్టి లాగింది. అన్నయ్య ముక్కుకీ అద్దానికీ మధ్య జానెడు దూరం. ఆయన చెయ్యి చాపాడు. వేళ్ళు చల్లటి గాజును తాకి, సున్నం గీత మీద ఆగిపోయాయి.

"అన్నయ్యా," అంది కాలర్ వదలకుండానే. "ఇది కనపడలేదా?"

'మీటరెంత తిరిగిందో చూడవే' అన్న మాట ఇప్పుడామె చెవిలో వేరేగా మోగింది. చేతిలో ఫోన్ కూడా మోగింది. కట్ చేసింది. అన్నయ్య వేళ్ళకంటిన సున్నాన్ని బొటనవేలితో రుద్దుకుంటూ, ఆమె వైపు తిరక్కుండానే మొదలుపెట్టాడు.

"నీళ్ళు పోసింది నేనే. కావాలని కాదు. నేను తోలిన కంపెనీ లారీకి నీళ్ళ మూత సరిగ్గా ఆ చోటే ఉండేది. చెయ్యి దానంతటదే పోయింది. ఎంత పోసినా నిండకపోతే, పాపం బండి దాహం మీదుందనుకున్నా. గాస్కెట్ బాగుందని నాజిల్ చెప్పేదాకా నాకూ తెలీలేదు చెల్లీ. తెలిశాక నోరు పెగల్లేదు. ఎదురుగా ఏమున్నా నాకు పొగే. పక్కలు కాస్త ఆనతాయి. రెండు కళ్ళూ అంతే, ఇక తిరిగి రావన్నాడు డాక్టరు. ఓనరుతో గొడవపడి పని మానేశానని మీ వదినకి కూడా చెప్పాను. గొడవా లేదు, గాడిద గుడ్డూ లేదు. కళ్ళ పరీక్షలో అక్షరాలు చదవమంటే, బోర్డు ఎక్కడుందని అడిగాను. ఇంటికి పొమ్మన్నారు. ఆ తర్వాత నన్ను డ్రైవరని పిలిచింది నువ్వే. కాదనడానికి మనసు రాలేదు. ఆసుపత్రి రోడ్డు నాకు కంఠతా వచ్చు, చెవులున్నాయి, మెల్లగా పోతే ఏమవుతుందిలే అనుకున్నా. అద్దం పగిలితే ఇంకోటి కోస్తావు. రోడ్డుకి అడ్డంగా వచ్చేవాళ్ళ గురించి ఆలోచించలేదు. ఆలోచిస్తే ఒప్పుకోవాల్సొస్తుందని ఆలోచించలేదు. ఆ పూలచొక్కాని తిట్టకు. లోడెక్కించి తాళాలు వాడికివ్వు. నిన్న పక్కన కూర్చుని విన్నాను, గేరు మార్చినప్పుడు ఒక్కసారి కూడా బండి అదరలేదు. నోరు చెడ్డదే గానీ, వాడి కాలు మంచిది. అద్దాలు పగలవు. బండి కూడా మంచిది. దాని గురించి నిన్న నేను చెప్పిన ప్రతి మాటా నిజం. తోలతానన్నానే, ఆ ఒక్కటే అబద్ధం."