తడి ఆరని దీపం

మా అక్క ఫుసాయో యాభై ఎనిమిదో ఏట పెళ్ళి నిశ్చయం చేసుకుంది. పెళ్ళికొడుకు ఇసోమురాగారు, రైలు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయి ఆరేళ్ళయింది. నది వెంట కిందికి రెండు స్టేషన్లు వెళితే ఆయన ఇల్లు.

"రెండు స్టేషన్లేగా. ఆ ఏడుపు మొహం పెట్టకు" అంది అక్క.

నేను ఏడుపు మొహం పెట్టలేదు. తలుపు చట్రానికి చిత్రిక పడుతున్నాను. అయితే ఆ పూట చట్రం ఒకవైపు పలచబడి, పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాకుండా పోయింది.

మాది కాగితపు తలుపులు చేసే ఇల్లు. నాన్న పోయేనాటికి అక్కకి ఇరవై, నాకు పద్నాలుగు. అప్పటి నుంచీ కొయ్య పని నాది, కాగితం పని అక్కది. సన్నటి దేవదారు బద్దల్ని మేకు లేకుండా ఒకదానిలో ఒకటి ఇమిడ్చి నేను అల్లుతాను. వాటి మీద వెలుగు దూరే పలచటి మినో కాగితం ఆమె అంటిస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళలో నేను జిగురు కుంచె పట్టలేదు, ఆమె ఉలి ముట్టలేదు. మా మధ్య మాటలు తక్కువ. పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళేది, అంతే. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే తీరిక లేదనేవాణ్ణి. అక్క ఎందుకు చేసుకోలేదో మాత్రం ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

ఆమె వెళ్ళాల్సిన రోజు రెండుసార్లు వాయిదా పడింది. ఏప్రిల్లో, ఇంకా నాలుగు రోజులుందనగా, నా నడుం పట్టేసింది. నటన కాదు. పక్క మీద నుంచి లేవలేకపోయాను, డాక్టరు వచ్చి సూది వేశాడు. ఆగస్టులో, వేడి నీటి ఊటల దగ్గరి హోటలు వాళ్ళు నలభై తలుపులు కావాలన్నారు. గడువు చాలదని తెలిసీ ఒప్పుకున్నాను. రెండుసార్లూ ఇసోమురాగారు గుమ్మంలో నిలబడి తల వంచి, "పరవాలేదండీ, రైళ్ళన్నాక ఆలస్యమవుతూనే ఉంటాయి" అని వెళ్ళిపోయారు. ముప్పై ఐదేళ్ళలో ఆయన రైలు ఒక్క నిమిషం ఆలస్యం కాలేదని ఈ లోయలో అందరికీ తెలుసు.

రెండోసారి ఆయన అలా తల వంచి వెళ్ళాక చాలాసేపు పనిలో చెయ్యి ఆడలేదు. నొప్పి నిజమే. నలభై తలుపులూ నిజమే. కానీ ఆ రెండింటి వెనకా ఎవడో కూర్చుని ఉన్నాడు. వాడు నాకు మొహం చూపించడు. నా చేతులతోనే పని చేస్తాడు, నన్ను అడక్కుండానే నా నడుం వంచగలడు. వాడికి కావలసింది ఒక్కటే. అక్క ఇంకో వారం ఆగాలి. ఆ తర్వాత ఇంకో వారం.

అందుకే దీపం మొదలుపెట్టాను. మూడోసారి అనుకున్న రోజు అక్టోబరు పన్నెండు. ఆ లోపల కొయ్య చట్రానికి కాగితం తొడిగిన దీపం ఒకటి చేసి ఆమె చేతికిచ్చి పంపాలి. కొయ్యతో పాటు కాగితం పని కూడా నేనే చెయ్యాలి. ఆమె లేకపోయినా నాకు జరుగుతుందని నోటితో చెప్పలేను. ఆ వస్తువు చెబుతుందనుకున్నాను.

ఆదివారాలు అక్క ఇసోమురాగారి ఇంటికి వెళ్ళేది. ఆ ఐదు ఆదివారాలూ నావి. పాత ఇంటి తలుపులోంచి తీసి దాచిన దేవదారు చెక్క ఒకటుంది. ఏళ్ళ తరబడి ఎండి, గోటితో కొడితే గంటలా మోగేది. దాన్ని అగ్గిపుల్ల కన్నా కొంచెం లావు బద్దలుగా చీల్చాను. మోకాలెత్తు దీపం. కింద వెడల్పు, పైకి వెళ్ళేకొద్దీ సన్నం. అక్క పడుకుని చదువుతుంది కాబట్టి వెలుగు పుస్తకం మీద పడేలా, కంట్లో పడకుండా, బల్బు ఎంత ఎత్తులో ఉండాలో నేల మీద పడుకుని చూసుకున్నాను. అలా పడుకున్నప్పుడు, ఎన్నో ఏళ్ళ తర్వాత, ఏ ఆలోచనా లేని సంతోషం కలిగింది.

చివరి ఆదివారం కాగితం. మైదా జిగురు కాచాను, ఉండలు కట్టింది. రెండోసారి నీళ్ళయింది, కాగితం బద్దల మీద నుంచి మెల్లగా జారి నేల మీద పడింది. అక్క ఎంత పలచగా కాస్తుందో నాకు తెలుసు. ఏడాది చివర కాగితం మార్చేటప్పుడు తడిగుడ్డ పెడితే చాలు, పాత కాగితం తనే లేచి వస్తుంది. "అంటుకోవాలి, అడిగితే వదలాలి" అంటుంది. వెయ్యిసార్లు విన్నాను. అయినా నా చెయ్యి అరలో ఉన్న కలప జిగురు సీసా మీదికి వెళ్ళింది. ఆ జిగురుతో కాగితం ఒక్క ముడత లేకుండా, డప్పులా బిగిసింది. చూసి మనసు నిమ్మళించింది. ఆ నిమ్మళాన్ని అప్పుడే అనుమానించాల్సింది.

పన్నెండో తేదీ ఉదయం ఇసోమురాగారు చిన్న ట్రక్కు తెచ్చారు. ఉద్యోగం అలవాటు ఆయన్నింకా వదల్లేదు. ఏం చేసినా ముందు వేలు చూపించి పైకి అంటారు. "బ్రేకు, వేశాను! వెనక తలుపు, తీశాను!" అక్క సామాను ఎనిమిది పెట్టెలు. అవి ఎక్కించాక దీపం తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఏంట్రా ఇది? ఎప్పుడు చేశావు?"

"నువ్వు లేనప్పుడు."

"కాగితం ఎవరు అంటించారు?"

"నేనే."

అక్క మొహం విచ్చుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని దీపాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. బొటనవేలు కాగితం అంచు వెంట నడిచి, మూల దగ్గర ఆగింది. వేలు నాలుక మీద తడి చేసుకుని అక్కడ రుద్దింది. వాసన చూసింది.

"ఒరేయ్ షిగే. దేంతో అంటించావు?"

"కలప జిగురు."

"కలప జిగురా! ఇదేమన్నా కుర్చీ కాలనుకున్నావా?"

"ఊడకుండా ఉంటుందని..."

"ఊడకపోతే ఎలారా! ఏడాది తిరిగేసరికి పసుపెక్కుతుంది. అప్పుడేం చేస్తావు, గొడ్డలి తెస్తావా?"

"నాకైతే చాలా బాగుందండీ" అన్నారు ఇసోమురాగారు.

"మీరూరుకోండి. మీకు సిగ్నల్ దీపమైనా బాగానే ఉంటుంది."

"సిగ్నల్ దీపం బాగుంటుందండీ మరి."

అక్క అప్పటికే చేతులు పైకి మడుస్తోంది. "ఇది నానబెట్టాలి, గీకాలి, కొయ్య ఆరాలి, మళ్ళీ అంటించాలి. మూడు రోజులైనా పడుతుంది." ఆయన వైపు తిరిగింది. "ఏమీ అనుకోకండి. వచ్చే ఆదివారం వస్తాను. వీడు చేసిన దీపాన్ని ఇలా వదిలి రాలేను."

ఇసోమురాగారి తల వంగడం మొదలైంది. సగం వంగిన ఆ తలను, పలచబడిన జుట్టు మధ్య మెరుస్తున్న చర్మాన్ని చూశాను. వాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి నడుం ఎక్కలేదు, హోటలు తలుపులు తేలేదు. ఆమెను సాగనంపడానికి చేసిన దీపంలోనే దూరి కూర్చున్నాడు.

"అక్కా, నువ్వు ముట్టుకోకు" అన్నాను.

"ఏంటి?"

"ముట్టుకోకు. ఇవాళే అవుతుంది. మేమిద్దరం చేస్తాం."

"మీరిద్దరా?" అక్క పగలబడి నవ్వింది. "ఒకడు దీపానికి కుర్చీ జిగురు పూస్తాడు, ఇంకొకరు..."

"ఇసోమురాగారూ, చొక్కా చేతులు మడవండి."

ఆయన సగంలో ఆపిన తల ఎత్తి ఒకసారి నన్ను చూశారు. తర్వాత గబగబా కోటు విప్పేశారు.

కాగితం చింపాను. ఆ చప్పుడుకి అక్క కళ్ళు మూసుకుంది. బద్దల మీద మిగిలిన జిగురును పదునైన రేకుతో నీళ్ళు తగలకుండా గీకాను. రెండు గంటలు పట్టింది. కొన్నిచోట్ల కొయ్య పీచు లేచి గాటు పడింది. వాటిని దిద్దకుండా వదిలేశాను. లోపల వంటింట్లో ఇసోమురాగారు జిగురు కాస్తున్నారు. అక్క దేన్నీ ముట్టుకోకుండా చేతులు తొడల కింద పెట్టుకుని, గుమ్మం మెట్టు మీద కూర్చుని చెబుతోంది.

"మంట, సన్నగా ఉంది!" ఆయన గొంతు. "గరిటె, తిరుగుతోంది! ఉండ, ఒకటి కనిపించింది!"

"కనిపిస్తే నలపండి మహానుభావా, స్టేషన్ మాస్టరుకి చెప్పక్కర్లేదు!"

అక్క నవ్వుతోంది. అలాంటి నవ్వు మా ఇంట్లో నేను వినలేదు. ఆ రెండు స్టేషన్ల అవతల ఆదివారాల్లో పెరిగిన నవ్వు అది. ఒక్క క్షణం గుండెలో ఏదో గుచ్చుకుంది. జిగురు చల్లారి గిన్నె నా ముందుకు వచ్చాక, ఆ నవ్వు ఇంకోసారి వినాలనిపించి, కావాలనే కుంచెను అందులో మరీ లోతుగా ముంచాను.

"ఒరేయ్, సగం గిన్నె పూస్తావా! కొసే తగలాలి, కొస!"

"అక్కా, చేతులు!"

"తొడల కిందే ఉన్నాయిరా. తిమ్మిరెక్కుతున్నాయి కూడా."

నేను పూశాను, ఆయన కాగితం పరిచారు. మూడు వైపులు ఎలాగో కుదిరాయి. నాలుగో వైపు ఆయన ఊపిరి బిగపట్టి దించుతుండగా తుమ్ము వచ్చింది. ఒక మూల పొడుగాటి ముడత పడిపోయింది. అక్క లేవబోయింది.

"కూర్చో" అన్నాను.

"ఆ ముడత చూడరా! తడి మీదున్నప్పుడే లాగితే..."

"ఉండనీ."

"ఉండనీ ఏంటి, నా దీపం!"

"ఏడాది చివర ఎలాగూ తీసేదేగా. అప్పుడు బావ మళ్ళీ అంటిస్తాడు."

బావ అన్నది నా నోరే. ఇసోమురాగారు ఏ వేలూ చూపించలేదు. కడిగిన కుంచెనే మళ్ళీ కడిగారు, చాలాసేపు.

అక్క ముడతను చూస్తూ అలాగే కూర్చుంది. తర్వాత తొడల కింద నుంచి చేతులు తీసి, ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా రుద్దుకుంది.

"ఆరేదాకా ఉందామా పోనీ" అంది.

"దార్లో ఆరుతుంది."

"గాలికి ఆరితే బిగుస్తుందో లేదో..."

"దార్లో ఆరుతుంది, అక్కా."

ఆమె నా మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో తెలియదు. "సరే" అంది. ట్రక్కెక్కింది. దీపాన్ని నేనే ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టాను.

మామూలుగా అక్క ఎక్కడికి బయల్దేరినా వీధి మలుపు దాకా వెనక్కి చూస్తూ చెయ్యి ఊపుతుంది. తడి కాగితం దీపం ఒళ్ళో ఉంటే అలా కుదరదు. రెండు చేతులతో చట్రాన్ని పట్టుకోవాలి, మెడ కూడా కదపకుండా ముందుకే చూడాలి. ఆమె ముందుకే చూసింది. ట్రక్కు వంతెన దాటేదాకా నేనే చెయ్యి ఊపుతూ నిలబడ్డాను.